లైట్లు పెట్టినా డ్రమ్ములు గుద్దేస్తున్నారు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: హనుమకొండ–కరీంనగర్ రోడ్డు మీద రాత్రిపూట ఎడమ లేన్ మూసి పని చేస్తున్నాం. ప్రతి డ్రమ్ము మీద ఎర్ర బ్లింకర్ ఉంది. అయినా వారానికి రెండు డ్రమ్ములు లారీల కింద నలుగుతున్నాయి. ఇంకా ఎక్కువ లైట్లు పెట్టాలా?
– సైట్ సూపర్‌వైజర్, హనుమకొండ

జవాబు: వద్దండీ. ఉన్నవాటినే మార్చండి. ఒక్కో బ్లింకర్ దాని ఇష్టం వచ్చినట్టు కొట్టుకుంటుంటే డ్రైవర్‌కు కనిపించేది పెళ్లింటి సీరియల్ లైట్లే. ఏ క్షణంలో చూసినా సగం ఆరి ఉంటాయి కాబట్టి లేన్ ఎటు తిరుగుతోందో గీతలా కళ్లకు కట్టదు. 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. గీత ఎటుందో వెతుక్కునే టైమ్ అతనికి ఉండదు.

మిణుకుమనే లైటు పని ‘జాగ్రత్త’ అని చెప్పడం వరకే. అది ముందున్న హెచ్చరిక బోర్డు మీద ఉండాలి. దారి చూపే డ్రమ్ముల మీద ఆరకుండా వెలిగే పసుపు లైట్లు పెట్టండి. ఎరుపు ‘ఆగు’ అనే రంగు. ఇక్కడ మీకు కావాల్సింది పక్కకు జరగడం. డబ్బు పెట్టగలిగితే మొదటి డ్రమ్ము నుంచి చివరిదాకా వెలుగు పరుగెత్తే రకం ఇంకా మేలు. వాటికి నంబర్లు వేసి అదే వరసలో పెట్టండి. వరస తప్పితే వెలుగు వెనక్కి గెంతుతుంది.

అసలు తప్పు ఏటవాలు వరస, అంటే లేన్‌ను మెల్లగా మూస్తూ ఏటవాలుగా పెట్టే డ్రమ్ముల వరస పొడవులో ఉండొచ్చు. 3.5 మీటర్ల లేన్‌ను 20, 30 మీటర్లలో మూసేయడం మన దగ్గర మామూలే. అమెరికా ట్రాఫిక్ సంకేతాల మాన్యువల్ సూత్రం ప్రకారం 70 కి.మీ., ఆపైన వేగానికి లేన్ వెడల్పును వేగంతో గుణించి 1.6తో భాగించాలి. 80కి 175 మీటర్లు వస్తుంది. 15 మీటర్లకు ఒకటి చొప్పున 13 లైట్లు. 60 కి.మీ. వేగానికి వేరే సూత్రం ఉంది, దానితో సుమారు 81 మీటర్లు.

ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) లెక్కలో 80 కి.మీ. వేగానికి ఆగే దూరం 120 మీటర్లు. కాకతీయ కాలువ బ్రిడ్జి దిగగానే మొదటి డ్రమ్ము కనిపిస్తే ఏం లాభం? వరసను బ్రిడ్జికి ఇవతలి నుంచే మొదలుపెట్టండి. పత్తి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ వైపు పోయే లోడ్లు లేన్ దాటి బయటికి ఉబ్బి ఉంటాయి. పక్క లేన్‌ను మరీ ఇరుకు చేయకండి.

లైటు అడుగు రోడ్డుకు కనీసం 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. డ్రమ్ము మీద బండరాయి పెట్టొద్దు, గుద్దితే అదే అద్దంలోకి ఎగిరొస్తుంది. అడుగున ఇసుక సంచి చాలు. లైటు వెలిగినా ఆరినా రేడియం పట్టీ మాత్రం ఉండి తీరాలి.

ప్రశ్న: డ్రమ్ముల మీది కొత్త సోలార్ లైట్లు వానాకాలంలో రాత్రి మూడింటికే ఆరిపోతున్నాయి. ఎందుకు?
– జమ్మికుంట పాఠకుడు

జవాబు: లెక్క సరిపోవడం లేదు. 2 వాట్ల లైటు 12 గంటలు ఆగకుండా వెలిగితే 24 వాట్-అవర్లు కావాలి. మబ్బు రోజున 10 వాట్ల ప్యానెల్‌కు రెండు గంటల మంచి ఎండతో సమానమైన వెలుతురు దొరికినా వచ్చేది 20. దానికి తోడు ప్యానెల్ మీద కంకర క్రషర్ దుమ్ము. రోజూ తడిగుడ్డతో తుడవండి, ప్యానెల్‌ను దక్షిణానికి తిప్పండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా దిగి అలాగే ఉండిపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, మళ్లీ పూర్తి ఛార్జ్ పట్టదు. అందుకే ముసురు రోజుల్లో బ్యాటరీలను సగం సగం చొప్పున తెచ్చి కరెంటు మీద ఛార్జ్ చేసుకోండి.