కారు కొనేముందు మన తొవ్వ మీద నడిపి చూడాలె

బండి ముచ్చట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్ నమస్తే. నేను పరకాల దిక్కు గవర్నమెంట్ స్కూల్ల టీచర్‌ని, ఉండేది హన్మకొండ నయీంనగర్. మా 2013 వ్యాగన్ఆర్ అమ్మేసి కొత్తది తీస్కుందాం అనుకుంటున్నం. రోజూ పోను రాను 70 కిలోమీటర్ల దాక తిరుగుత. ఇంట్ల అమ్మ, ఆమెకు మోకాళ్ల నొప్పులు, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. డిజైర్, పంచ్, ఎక్స్‌టర్ మూడూ షోరూంలకు పోయి నడిపిన, మూడూ బాగనే అనిపించినయి, ఇప్పుడు ముందటికంటే ఎక్కువ కన్ఫ్యూజ్ అయిన. ఏది తీస్కోమంటరు? ఆటోమేటిక్ మంచిదేనా?

జవాబు: సార్, మీరు ఎంత దూరం నడిపిన్రో రాయలేదు గని నేను ఊహిస్త. షోరూం గేటు దాటి మెయిన్ రోడ్డెక్కి, ముంగట యూటర్న్ కాడ మళ్లేసి వాపస్. రెండు మూడు కిలోమీటర్లు. పక్కన సేల్స్ పిల్లగాడు ఫీచర్లు చెప్పుకుంట కూసుంటడు, ఏసీ ఫుల్, పాటలు ఆన్. 2013 బండి దిగి పోయినోళ్లకు అట్ల నడిపితే ఏ కొత్త కారైనా మస్తు అనిపిస్తది. అందుకే మీకు మూడూ ఒక్క తీరు కనిపించినయి, ఆ తప్పు మీది కాదు, ఆ తొవ్వది.

నేను గూడ ఒకసారి గిట్లనే కొన్న. రెండు కిలోమీటర్లు ఒక్కణ్ణే నడిపి సంతకం పెట్టిన. 2018ల మేడారం జాతరకు పోయినప్పుడు ఐదుగురం, డిక్కీ నిండ బియ్యం, గిన్నెలు, బెల్లం. ములుగు దాటినంక ప్రతి స్పీడ్ బ్రేకర్ కాడ బండి పొట్ట తగిలి కర్ర్ మని ఒకటే చప్పుడు. తాడ్వాయి పొయ్యేదాక స్టీరింగ్ కాడ నేను, మా నాయిన తప్ప అందరు దిగుడు, నడుసుడు, మళ్ల ఎక్కుడు. నాయినకు నడుము నొప్పి, ఆయన దిగలేడు. ఆ రోజు ఆయన మొఖం చూసినంక అనుకున్న, ఖాళీ బండి నడిపి చూస్తే చూసినట్టు కాదని. కంపెనోళ్లు రాసే గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకు బండి పొట్టకు నడుమ జాగ, డిజైర్‌కు 163 మిల్లీమీటర్లు, ఎక్స్‌టర్‌కు 185, పంచ్‌కు అంతకంటే జర ఎక్కువ, ఇవన్నీ మామూలుగ మనుషులు ఎక్కకముందు లెక్కలు. ఎనుక ముగ్గురు కూసుంటే స్ప్రింగులు ఎంత దిగుతయో ఒక్కో బండిది ఒక్కో తీరు, అది కాయితం మీద ఉండదు.

కాబట్టి మళ్ల పోండి, ఈసారి ఇంటిల్లిపాదిని తీస్కొని పోండి. ఆదివారం షోరూంల రద్దీ ఉంటది, వారం మధ్యల సెలవు దొరికితే ఆ రోజు పెట్టుకోండి. పొద్దుగాల ముందు మీ పాత వ్యాగన్ఆర్‌నే ఒక చక్కర్ కొట్టుండ్రి, ఏడ గుంజుతలేదు, ఏ సీటు నొస్తుంది, ఏ అద్దంల ఏం కనిపిస్తలేదు అని ఒక కాయితం మీద రాసుకోండి. ఇది చాలా మంది చెయ్యరు. మీకు రోజూ కష్టపెట్టేది ఏందో తెల్వకుంట కొత్త బండిల ఏం చూస్తరు? ఆ తర్వాత మూడు బండ్లను గూడ అదే తొవ్వల నడపాలె, ఒక్కటే రోజు అయితే ఇంకా మంచిది, ఎందుకంటే వారం గడిస్తే మొదటిది ఎట్లున్నదో యాదికుండదు, ఆఖరుకు నడిపిందే బాగనిపిస్తది. దిగంగనే రెండు మాటలు రాసుకోండి.

తొవ్వ ఏదంటే మీరు రోజూ పొయ్యేదే. ములుగు రోడ్డెక్కి గూడెప్పాడ్ క్రాస్ దాక పోయి రానిస్తరా అని ముందుగాలనే ఫోన్ చేసి అడగండి. కొందరు ఒప్పుకుంటరు, కొందరు అంత దూరం కాదంటరు, అప్పుడు సగం దూరమన్న అడగండి. అరగంటకు తక్కువ వద్దు. మీరు పూటకు గంట సేపు సీట్ల కూసుంటరు, తొడల కింద సీటు ఆనుతుందా, ఎడమ కాలు పెట్టుకొనే జాగ ఉన్నదా, నడుము కాడ ఖాళీ వస్తుందా, ఇవి మొదటి ఐదు నిమిషాలల్ల తెల్వవు, ఇరవై నిమిషాలైనంక ఒళ్లే చెప్తది. పాటలు బంద్ పెట్టండి. 80ల పోతుంటే టైర్ల మోత ఎంత వస్తుందో వినండి. ఐదుగురితోని, ఏసీ ఆన్‌ల పెట్టుకొని వడ్ల లారీని దాటాలంటే మూడో గేర్ల గుంజుతదా లేదా చూడండి, దాటేటప్పుడు ముంగట జాగ చూసుకోండి, టెస్ట్ డ్రైవ్ అని తొందరపడొద్దు.

ఇంజిన్ల సంగతి ఒకటి. డిజైర్ కొత్తదాంట్ల, పంచ్‌ల మూడు సిలిండర్ల ఇంజిన్, ఎక్స్‌టర్‌ల నాలుగు సిలిండర్లు, మూడూ 1.2 లీటర్లే. మూడు సిలిండర్లది ఆగి ఉన్నప్పుడు సన్నగ వణుకుతది. చెడ్డది అంటలేను, కొందరికి అసలు తెల్వదు, కొందరికి రోజూ చేతికి తాకుతుంటే చిరాకు. సిగ్నల్ కాడ ఏసీ పెట్టి స్టీరింగ్ మీద చెయ్యి ఆనిచ్చి చూస్తే మీరు ఏ రకమో మీకే తెలుస్తది.

ఆటోమేటిక్ అడిగిన్రు గదా. ఈ మూడింట్ల వచ్చేది ఏఎంటీ, అంటే మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కుడు, గేర్ మార్చుడు మిషన్ చేస్తది. అందుకే గేర్ మారినప్పుడు తల ఒకసారి ముంగటికి ఊగినట్టు అయితది. దాన్ని చూడాల్సింది ఖాళీ రోడ్డు మీద కాదు, సాయంత్రం ఫాతిమానగర్ బ్రిడ్జి మీద. ఎక్కుడు మీద బండి ఆపి, బ్రేక్ మీద కాలు తీసి మళ్ల కదిలించండి. ఎనుకకు జారుతదా, జారకుంట ఆపే హిల్ హోల్డ్ పట్టుకుంటదా, పట్టుకుంటే ఎన్ని సెకన్లు. కాజీపేట దిక్కు ట్రాఫిక్‌ల ఎనుక ఆటో ఆనుకొని ఉన్నప్పుడు ఆ రెండు సెకన్లే మనకు భయం పెట్టేవి.

ఇంకోటి, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తది, రాత్రి నడపండి. సాయంత్రం ఏడు గంటలకు స్లాట్ అడిగితే ఇచ్చేటోళ్లు ఉన్నరు. మన దిక్కు కోతలైనంక రోడ్డు మీద సగం దాక వడ్లు, మక్కలు ఆరబోస్తరు, చుట్టు రాళ్లు పెడ్తరు, పైన నల్ల పట్టా కప్పుతరు. లైట్లు లేని ట్రాక్టర్లు, మిర్చి సీజన్ల ఏనుమాముల మార్కెట్‌కు పోయే బస్తాల బండ్లు, రోడ్డు మీద బర్రెలు. ఆ పట్టా ఎంత దూరం నుంచి కండ్లకు ఆనుతదో అదే హెడ్‌లైట్ పరీక్ష. ఎల్‌ఈడీ అని రాసుంటే చాలదు.

అమ్మను మూడుసార్లు ఎక్కించి దింపండి, చీరతోనే, చెప్పులతోనే. డిజైర్‌ల సీటు కిందికి ఉంటది, వంగి కూసోవాలె, దిగేటప్పుడు మోకాలి మీద బలం పెట్టి లేవాలె. పంచ్, ఎక్స్‌టర్ జర ఎత్తు, పంచ్ తలుపులు 90 డిగ్రీలు తెరుచుకుంటయి. కని ఎత్తు ఎక్కువైతే పొట్టి మనిషికి కాలు ఎత్తుడు గూడ కష్టమే, అందుకే అమ్మనే అడగాలె, మనం చెప్పొద్దు. ఎనుక నడుమ పిల్లగాడు కూసుంటే కాళ్ల కాడ గడ్డ ఎంతున్నదో గూడ అప్పుడే చూడండి, మీరు ఎనుక కూసొని మీ ఆవిడకు స్టీరింగ్ ఇయ్యండి.

డెమో బండి ఏ వేరియంటో తప్పకుండ అడగండి. మామూలుగ టాప్ మోడల్ పెడ్తరు. మనం కొనేది నడిమిది. టైర్ల సైజు మారుతది, సీటు ఎత్తు పెంచే లివర్ ఉండకపోవచ్చు, ఎనుక కెమెరా ఉండకపోవచ్చు. మీరు నడిపి మెచ్చుకున్నది ఒకటి, ఇంటికొచ్చేది ఇంకోటి అయితది.

సేఫ్టీ మాత్రం నడిపితే తెల్వదు, దానికి క్రాష్ టెస్ట్ రిజల్టే చూడాలె. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ చేసే క్రాష్ టెస్ట్‌ల పంచ్‌కు 2021ల పెద్దోళ్ల రక్షణకు 5 స్టార్లు, కొత్త డిజైర్‌కు 2024ల 5 స్టార్లు. నడుమ 2022ల రూల్స్ గట్టిగ చేసిన్రు కాబట్టి ఈ రెండు ఐదులు ఒక్కటి కావు.

ఇగ ఏది తీస్కోవాలె అంటే, నెలకు 25 రోజులు 70 చొప్పున 1,750 కిలోమీటర్లు. ఒక బండి లీటరుకు 20 ఇచ్చి ఇంకోటి 16 ఇస్తే నెలకు 22 లీటర్లు తేడా, అంటే 2 వేల పైనే. డిజైర్ మైలేజ్‌ల ముందుంటది. రోజూ ఒక్కరే పోతరు, అమ్మ నెలకు మూడు నాలుగు సార్లు ఎక్కుతదేమో, అయినా నేనైతే అమ్మ ఎక్కగలిగిన బండ్లనే లిస్టుల ఉంచి, వాటిల్ల మైలేజ్ చూస్త. అమ్మ డిజైర్‌ల సుఖంగ ఎక్కి దిగితే ఇంక ఆలోచించకండి, అదే తీస్కోండి. పాత కొటేషన్ ఏమన్న ఉంటే పక్కన పెట్టండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ సైజు పెట్రోల్ కార్లకు జీఎస్టీ 18 శాతమే.

ప్రశ్న: అన్నా, షోరూంల టెస్ట్ డ్రైవ్ అడిగితే ముందు బుకింగ్ అమౌంట్ కట్టుమంటున్నరు, ఇది కరెక్టేనా? నాకు కావాల్సిన ఆటోమేటిక్ డెమో గూడ లేదంట, మాన్యువల్ నడుపు, అదే ఇంజిన్ కదా అంటున్నరు. – కాజీపేట

జవాబు: కట్టకు తమ్ముడు. నడిపి చూసుడుకు పైసలు ఉండవు, లైసెన్స్ చూపిస్తే, ఫోన్ నంబర్ రాసిస్తే చాలు. లర్నింగ్ లైసెన్స్ మీద మాత్రం ఇయ్యరు. టోకెన్ ఇచ్చినంక మనసు ఆ బండికే కట్టుపడిపోతది, లోపం కనిపించినా సర్దుకుంటం, అది నాకు ఇష్టం లేదు. ఇంజిన్ ఒకటే అయినా మాన్యువల్ నడిపి ఆటోమేటిక్ కొనొద్దు, నువ్వు రోజూ కొట్లాడేది గేర్‌బాక్స్‌తోనే. కరీంనగర్‌లనో హైదరాబాద్‌లనో డెమో ఉంటే ఒక పూట పోయి రా. లేదంటే సెల్ఫ్ డ్రైవ్ కిరాయికి అదే మోడల్ ఒక రోజు తీస్కో, నల్ల నంబర్ ప్లేట్ మీద పసుపు అక్షరాలు ఉండే బండ్లు అవి. ఒక రోజు కిరాయి పోతే పోయింది, ఎనిమిదేండ్లు ఉంచుకునే బండి ఇది.

ప్రశ్న: కారు నడిపేది నేను, కని షోరూంల అన్నీ మా ఆయనకే చెప్తున్నరు, తాళం గూడ ఆయనకే ఇచ్చిన్రు. నా ఎత్తు ఐదు అడుగులే, బానెట్ కనిపిస్తలేదు. నాకు తగ్గ కారు ఎట్ల చూస్కోవాలె? – నర్సంపేట

జవాబు: అక్కా, మీరు రాసింది చదివి నాకు కోపమే వచ్చింది. ఈసారి ఫోన్ మీ నంబర్ నుంచి చెయ్యండి, స్లాట్ మీ పేరు మీద పెట్టుమనండి, నడిపేది నేనే అని అప్పుడే చెప్పండి. డ్రైవర్ సీట్ల ముందు మీరే కూసోండి, బండి కదలకముందు పది నిమిషాలు తీస్కోండి, ఎవరు తొందర పెట్టినా సరే. క్లచ్ నేలకు ఆనేదాక తొక్కినప్పుడు గూడ మోకాలు జర వంగి ఉండాలె, పూర్తిగ చాపాల్సి వస్తే సీటు ఇంకా ముంగటికి జరపాలె. కని జరిపినంక ఛాతీకి స్టీరింగ్‌కు నడుమ జానెడు మీద ఇంకొంచెం, దగ్గర దగ్గర 25 సెంటీమీటర్లు ఉండాలె, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే జాగ అది. ఈ రెండూ ఒక్కసారి కుదరని కారు మీకు వద్దు, రంగు ఎంత నచ్చినా సరే. సీటు ఎత్తు పెంచుకునే లివర్ ఉన్న వేరియంటే తీస్కోండి, దానికోసం సన్‌రూఫ్ వదులుకోవచ్చు. బానెట్ కొస కనిపించకున్నా అలవాటైతది, కని మలుపు కాడ అద్దం పక్క పిల్లర్ ఎనుక బైక్ దాక్కుంటదా అనేది చూడండి, అది అలవాటుతోని పోదు. ఆఖరుకు మీ గల్లీలకు తెచ్చి మీ గేట్ల రివర్స్ పెట్టి చూడండి. ఇంటికాడికి డెమో బండి తెచ్చేటోళ్లు మస్తు మంది ఉన్నరు.

ప్రశ్న: సింగరేణిల పని చేస్త, క్వార్టర్స్‌ల ఉంట. నెక్సాన్ ఈవీ మీద మనసున్నది, 489 కిలోమీటర్లు వస్తదంటున్నరు, నిజంగ ఎంతొస్తదో టెస్ట్ డ్రైవ్‌ల తెలుస్తదా? – భూపాలపల్లి

జవాబు: తెలుస్తది, లెక్క రాసుకుంటే. 489 అనేది 45 కిలోవాట్ అవర్ బ్యాటరీకి టెస్టుల వచ్చిన అంకె, మన ఎండల ఏసీ పెట్టుకొని హైవే మీద పోతే అంత రాదు. ఎక్కేముందు బ్యాటరీ శాతం చూసుకోండి, ఏసీ పెట్టి 80ల 20 కిలోమీటర్లు పోండి, మళ్ల చూడండి. 7 శాతం తగ్గితే 100 శాతానికి 285 చిల్లర వస్తదని లెక్క. మీరు హన్మకొండకు పోయి రావాలంటే అంత చాలు. రీజెన్ అని ఉంటది, కాలు తీయంగనే బండి దానంతటదే పట్టేసినట్టు ఆగుతది, ఎక్కువల పెడితే ఎనుక కూసున్నోళ్లకు కడుపుల తిప్పుతది, తక్కువల గూడ నడిపి చూడండి. బండికంటే ముందు చూడాల్సింది క్వార్టర్స్‌ల పార్కింగ్ కాడ 15 ఆంప్ ప్లగ్ పెట్టుకోనిస్తరా అని. తెలంగాణల ఈవీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ 2024 నవంబర్‌ల పెట్టిన్రు, 2026 డిసెంబర్ 31 దాక, ధర లెక్కేసేటప్పుడు అది కలుపుకోండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ కారు చూడ పోతున్న. ఒక రౌండ్ నడిపితే ఏం తెలుస్తది? – జనగామ

జవాబు: పొద్దున్నే చెప్పకుంట జర ముందే పోండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి, వేడిగ ఉంటే వాళ్లు అప్పటికే స్టార్ట్ చేసి పెట్టిన్రు అన్నట్టు, ఇంకో రోజు వస్త అని వాపస్ రండి. చల్ల ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ అయినప్పుడు వచ్చే చప్పుడు, సైలెన్సర్‌ల పొగ రంగు, ఇవి దాచనీకి రావు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ జర వదులుగ పట్టి చూడండి, ఒక దిక్కు గుంజుతదా. నాలుగో గేర్ల నెమ్మదిగ పోతూ యాక్సిలరేటర్ ఒత్తితే మోత పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ ప్లేట్ అయిపోయినట్టు, ఆ ఖర్చు ధరల తగ్గించుమనండి. తెలిసిన మెకానిక్‌ను ఎంబడి తీస్కపోండి, ఆయన పూట కూలి ముందే ఇచ్చేయండి, అప్పుడు ఆయన మీ మనిషిగ చూస్తడు.