నాన్న బొమ్మలు నలుగురికీ అందాలంటే

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. మేమంతా ఇక్కడ క్షేమం. నాన్న వేసిన బొమ్మలన్నీ ఒక్కచోట చేర్చి నలుగురికీ అందేలా చేస్తానని నువ్వు రాసిన ఉత్తరం చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. నాన్న పోయాక ఆయన బొమ్మల మాట ఎవరెత్తుతారా అని మనసులో ఒక దిగులుండేది. నువ్వు నడుం కట్టావు, అదే చాలు. లైబ్రరీ ఉద్యోగంలో ఉన్నప్పుడూ, రిటైరయ్యాకా ఇలాంటి పనుల్లో కొందరికి సాయపడ్డాను కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

‘బొమ్మలన్నీ ఇంటికి తెప్పించి దాస్తాను’ అని రాశావు. ఆ పని పెట్టుకోవద్దమ్మా. నాన్న బొమ్మలు అమలాపురంలో ఉన్నాయి, మండపేటలో పెళ్ళి కానుకగా ఇచ్చినవి ఉన్నాయి, హైదరాబాదులో శిష్యుల ఇళ్ళలో ఉన్నాయి, కొన్ని అమెరికా కూడా వెళ్ళాయి. ఆ ఇళ్ళవాళ్ళు ఇన్నాళ్ళూ వాటిని కళ్ళకద్దుకుని చూసుకున్నారు. ‘ఇచ్చెయ్యండి’ అంటే మొహం చాటేస్తారు. ‘ఫొటో తీసుకుంటాను, ఇది మీ ఇంటికెలా వచ్చిందో చెప్పండి’ అంటే కాఫీ ఇచ్చి కూర్చోబెడతారు. పైగా తెచ్చినవాటికి చెమ్మ లేని గది కావాలి, కాపలా కావాలి, ఏటేటా ఖర్చు. బొమ్మలు ఉన్నచోటే ఉండనీ. ఏది ఎక్కడుంది, ఎప్పుడు వేశారు, ఎవరికోసం వేశారు అన్న వివరం మాత్రం ఒక్కచోట చేరాలి. నువ్వు కట్టబోయేది ఆ వివరాల ఇల్లు.

స్కానరు కొనేముందు మీ అమ్మ దగ్గర కూర్చో. రంగులు వెలిసిపోవడానికి ఏళ్ళు పడుతుంది, మనుషుల జ్ఞాపకాలకు అంత గడువుండదు. ‘నాన్న గురించి చెప్పమ్మా’ అంటే ‘ఏం చెప్పనే, ఎప్పుడూ బొమ్మలే ఆయనకి’ అని ఊరుకుంటుంది. ఒక బొమ్మ చేతికిచ్చి ‘ఈ చీర ఎవరిది?’ అని అడుగు. అప్పుడు చీర ఎవరిదో, ఆవిడ ఏ వీధిలో ఉండేదో, ఆ నెల ఇంటద్దె ఎందుకు కట్టలేకపోయారో అన్నీ వస్తాయి. ఫోనులో రికార్డు చెయ్యి. మొదట తేదీ, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారో నీ గొంతుతో చెప్పు. ఆవిడ మాటను సరిదిద్దకు, తేదీలు తప్పినా అడ్డుపడకు, తర్వాత సరిచూసుకోవచ్చు. అమ్మ తర్వాత ఫ్రేములు కట్టిన షాపాయన, నాటకాల తెరలు వేయించుకున్న సమాజం వాళ్ళు, పాత శిష్యులు. వయసులో పెద్దవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళు.

రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావుగారి సంగతి చూడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. చిత్రకళా స్కూల్లో చదివి వచ్చి, సొంత ఊళ్ళో చిత్రకళాశాల పెట్టిన మనిషి. 1925లో మశూచితో పోయేనాటికి 28 ఏళ్ళు నిండలేదు. భార్య సత్యవాణిగారు, స్నేహితుడు వరదా వెంకటరత్నంగారు, శిష్యులు పూనుకోబట్టే ఇవాళ ఆయన పేరున అక్కడ గ్యాలరీ ఉంది, మనబోటివాళ్ళు వెళ్ళి ఆ బొమ్మల ముందు నిలబడగలుగుతున్నాం. పక్కనున్నవాళ్ళు దుఃఖం ఆరకముందే పని మొదలుపెట్టడమే అందులో గొప్ప విషయం.

వడ్డాది పాపయ్యగారిది ఇంకో దారి. ‘చందమామ’, ‘యువ’ ముఖచిత్రాల మీదుగానే ఆయన తెలుగువాళ్ళ ఇళ్ళలోకి వచ్చారు. ఎక్కువమందికి ఆయన బొమ్మ అంటే అచ్చులో చూసిందే. వారపత్రికలకి మీ నాన్న వేసినవీ అంతే. అసలు బొమ్మ ప్రెస్సు నుంచి తిరిగి వచ్చిందో లేదో తెలియదు, అచ్చయిన సంచికే సాక్ష్యం. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం, ఈ మూడు చోట్లా పాత సంచికల కోసం అడుగు. వెళ్ళేముందు ఏ పత్రిక, ఏ ఏళ్ళు అన్నది రాసుకుని వెళితే అక్కడివాళ్ళూ మనస్ఫూర్తిగా సాయం చేస్తారు. పత్రిక పేరు, సంచిక తేదీ, పేజీ నంబరు లేకుండా ఒక్క ఫొటో కూడా తీయకు.

ఇక ఇంట్లో ఉన్న బొమ్మలు. ప్రతిదాన్నీ తిప్పి చూడు, వెనకవైపు కూడా ఫొటో తియ్యి. మా ఇంట్లో ఉన్న నీటిరంగుల బొమ్మ వెనక నాన్న పెన్సిలుతో ఊరి పేరు, నెల రాసుకున్నారు. కింద ఇంకెవరిదో చేతిరాతలో ‘మూడు కాలాలు, సగానికి తగ్గించాలి’ అని ఉంది, అంటే పేజీలో మూడు నిలువు వరసల వెడల్పున, సగం సైజుకి తగ్గించి అచ్చు వెయ్యాలని. ఆ ఒక్క ముక్కతో అది పత్రికకి వెళ్ళి వచ్చిన బొమ్మ అని తెలిసిపోయింది. నాలుగంచులా సెల్లోటేపు అంటించిన చోట తేనెరంగు మరకలు దిగాయి. వెనక పెట్టిన ప్లైవుడ్డు ముడుల ఆనవాళ్ళు కూడా కాగితం మీదికి వచ్చేశాయి. అలాంటివి కనిపిస్తే గోటితో గీకొద్దు, టేపు పీకొద్దు. ప్లైవుడ్డు, పాత అట్ట తీసేసి ఆమ్లం లేని కాగితం పెట్టించు. లామినేషన్ జోలికి అసలు వెళ్ళకు, ఒకసారి చేస్తే దాన్ని విప్పే దారి లేదు. నీటిరంగుల మీద ఎండ పడకూడదు. వానాకాలం చెమ్మెక్కే బయటి గోడకి ఏ బొమ్మా తగిలించొద్దు. నంబరు వెయ్యాలంటే వెనక మూలన మెత్తటి పెన్సిలుతోనే. బూజు పట్టినవీ, పెచ్చులూడే తైలవర్ణాలూ ఉంటే నువ్వు చెయ్యిపెట్టకు. మన కళా వారసత్వాన్ని కాపాడే ఇంటాక్ సంస్థ సంరక్షణ కేంద్రాల వాళ్ళని గానీ, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం సంరక్షణ విభాగాన్ని గానీ సలహా అడుగు.

దూరాన ఉన్నవాళ్ళని ఫొటోలు పంపమంటావు కదా, వాళ్ళకి నాలుగు మాటలు రాసిపెట్టు. ఎండ నేరుగా పడని వరండాలో, ఫ్లాషు లేకుండా, ఫోను బొమ్మకి సమాంతరంగా పట్టుకుని తియ్యమను. పక్కన స్కేలు పెట్టమను. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపమను. నీ దగ్గరున్నవి మాత్రం 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల వివరంతో స్కాన్ చేసి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచు, పంచుకోవడానికి చిన్న జేపెగ్ వేరే తీసుకో. మూడు కాపీలు ఉండాలి, అందులో ఒకటి వేరే ఊళ్ళో. 1996 తుపాను కోనసీమను ఏం చేసిందో మనకు తెలుసు. గోదావరి జిల్లాల్లో అన్నీ ఒకే బీరువాలో పెట్టకూడదు.

హక్కుల సంగతి ముందే తేల్చుకో. 1957 కాపీరైటు చట్టం ప్రకారం చిత్రకారుడు పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. చిత్రకారుడు, రచయిత అడివి బాపిరాజుగారు 1952లో పోయారు, ఆ గడువు 2012తో తీరింది. పాపయ్యగారు 1992లో పోయారు కాబట్టి 2052 చివరిదాకా ఉంటుంది. బొమ్మ కొనుక్కున్నవాళ్ళ దగ్గర బొమ్మ ఉంటుంది గానీ దాన్ని అచ్చు వేసుకునే హక్కు దానంతట అది వాళ్ళకి పోదు. అయితే డబ్బిచ్చి అడిగి వేయించుకున్న చిత్రాల మీద, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కు వేయించుకున్నవాళ్ళదే. నాన్న ఏ పత్రికలోనైనా జీతానికి పనిచేసి ఉంటే ఆ కాగితాలూ వెతుకు. అన్నయ్యా, నువ్వూ, చెల్లీ ముగ్గురూ కూర్చుని ఒక కాగితం రాసుకుని సంతకాలు పెట్టండి. ఇవాళ ముగ్గురూ ఒక్కమాట మీద ఉన్నారు, అందుకే ఇవాళే చెయ్యమంటున్నాను. ఎవరైనా ఉచితంగా వాడుకునే బొమ్మలు దాచే వికీమీడియా కామన్స్ అనే వెబ్‌సైటులో పెడితే బొమ్మ లోకమంతా చూస్తుంది. కానీ అక్కడ ఇచ్చే అనుమతి వ్యాపారానికి వాడుకోవడానికి కూడా వర్తిస్తుంది, వెనక్కి తీసుకోలేం. ముగ్గురికీ ఇష్టమైన కొన్నింటిని ఎంచి ఇవ్వండి.

డబ్బు గురించి కాస్త ఎక్కువే రాస్తాను, మంచి పనులు ఆగిపోయేది అక్కడే. ఒక్క పెద్దమనిషి మొత్తం భరిస్తానంటే దణ్ణం పెట్టి, అందరితోపాటే ఇమ్మని చెప్పు. ఆయనకి ఓపిక తగ్గిన రోజున పని ఆగకూడదు. నెలకి వంద రూపాయలిచ్చేవాళ్ళు ఎక్కువమంది ఉంటే అది ఊరి సొత్తవుతుంది. నీ సొంత ఖాతాలో ఒక్క రూపాయి కూడా వేయించుకోకు. 2001 సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం పెట్టడానికి కనీసం ఏడుగురు కావాలి. అందులో ఇంటివాళ్ళకంటే బయటివాళ్ళు ఎక్కువ ఉండేలా చూడు, ఒక్కరైనా లెక్కలు తెలిసినవాళ్ళుండాలి. ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతా తెరిచి, ప్రతినెలా వచ్చింది, అయింది అందరికీ కనిపించేలా పెట్టు. విదేశాల్లో ఉన్న శిష్యులు పంపుతామంటారు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, ఇచ్చేది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషను గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా అది ముట్టుకోకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఆ చిక్కు లేదు. డబ్బు ఇవ్వలేనివాళ్ళ చేత పని చేయించుకో. రికార్డింగులు విని కాగితం మీద పెట్టేవాళ్ళు, బొమ్మల్లో ఉన్న మనుషుల్ని గుర్తుపట్టేవాళ్ళు, పాత సంచికలు దాచుకున్నవాళ్ళు, వీళ్ళ పేర్లు దాతల పేర్లతో సమానంగా వెయ్యి.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఎవరింట్లో ఏ బొమ్మ ఉందో నీ పుస్తకంలో ఉండాలి గానీ పదిమందికీ కనిపించకూడదు. ఊరి పేరు వరకు చాలు, దొంగలకి దారి చూపించొద్దు. ఎవరైనా బొమ్మ తెచ్చి ‘ఇది ఆయనదేనని రాసివ్వండి’ అంటే రాయకు. మా జాబితాలో ఉంది, లేదు అన్నంతవరకే చెప్పు. రేపు ధరలు పెరిగినప్పుడు ఆ ఒక్క నియమం నిన్నూ, నాన్న పేరునూ కాపాడుతుంది.

నాన్న నాకు రాసిన కార్డులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. అడ్రసు పక్కన చిన్న చిన్న బొమ్మలు గీసేవారు కదా, అవి కూడా జాబితాలోకి రావాలి. రెండువైపులా స్కాన్ చేయించి పంపుతాను, తేదీలు పోస్టాఫీసు ముద్రల్లో చూసుకో. రాజమండ్రిలో ఆయన బొమ్మలున్న ఇళ్ళ పేర్లు వేరే కాగితం మీద రాశాను. దసరా సెలవుల్లో వస్తే ఇద్దరం కలిసి వెళదాం, నన్ను చూస్తే వాళ్ళు మొహమాటం లేకుండా మాట్లాడతారు.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

మీ బాబాయి