తొమ్మిదో తరగతి ఫారం నింపే ముందు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా అమ్మాయికి ఎనిమిదో తరగతి అయిపోవస్తోంది. తొమ్మిదిలో బోర్డు రిజిస్ట్రేషన్‌కి ఫస్ట్ లాంగ్వేజ్ ఏది, థర్డ్ లాంగ్వేజ్ ఏది అని రాసిమ్మని స్కూల్లో కాగితం ఇచ్చారు. తెలుగు పెడితే ఒడిశాలో ఉద్యోగం రాదంటారు మా ఆయన. ఒడియా పెడితే పిల్లకి తెలుగు చదవడం కూడా రాకుండా పోతుందంటారు మా అత్తగారు. అసలు తెలుగు పెడితే లెక్కలు, సైన్సు కూడా తెలుగులోనే రాయాలా? దాని తెలుగు నోటు పుస్తకంలో ఒక పేజీ ఫొటో పంపుతున్నాను, చూసి చెప్పండి.
ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్న తీసుకుంటాను, ఎందుకంటే మన వైపు చాలా ఇళ్లలో గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఫస్ట్ లాంగ్వేజ్ వేరు, మీడియం వేరు. కటక్ బోర్డు మాట్రిక్‌లో, అంటే పదో తరగతి పరీక్షలో, ఆరు పేపర్లు: ఫస్ట్ లాంగ్వేజ్, సెకండ్ లాంగ్వేజ్‌గా ఇంగ్లిష్, థర్డ్ లాంగ్వేజ్, లెక్కలు, జనరల్ సైన్స్, సోషల్. ఒక్కోటి 100, మొత్తం 600 మార్కులు. మీ అమ్మాయి ఫస్ట్ లాంగ్వేజ్ తెలుగు పెట్టుకుంటే తెలుగులో రాసేది ఆ ఒక్క పేపరే, మిగతావి ఇప్పుడు ఏ మీడియంలో చదువుతోందో అందులోనే రాస్తుంది.

ఇక మీ ఆయన భయం, మీ అత్తగారి భయం. రెండూ నిజమే, కానీ ఒకదాని కోసం ఇంకోటి వదులుకోనక్కర్లేదు. ఫస్ట్ లాంగ్వేజ్ దగ్గర తెలుగు రాయండి, థర్డ్ లాంగ్వేజ్ దగ్గర ఒడియా రాయండి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకి అడిగేది ఒడియా ఫస్ట్ లాంగ్వేజ్‌గా చదివావా అని కాదు. ఏడో తరగతిలో గానీ ఆ పైన గానీ చివరి పరీక్షలో ఒడియా ఒక భాషా సబ్జెక్టుగా పాసయి ఉంటే చాలు. లేదంటే మాట్రిక్‌లో భాషలు కాని సబ్జెక్టు ఒడియా మీడియంలో రాసి ఉండాలి. ఇవేవీ లేనివాళ్లు బోర్డు పెట్టే ఎంఈ (మిడిల్ ఇంగ్లిష్ స్కూల్, అంటే ఏడో తరగతి) స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాసి పాసవ్వాలి.

ఆ విడి పరీక్ష సంగతి నాకు బాగా తెలుసు. మా తమ్ముడి కూతురు పాతపట్నంలో ఎనిమిది దాకా చదివి, తొమ్మిదిలో మా దగ్గరికి పర్లాకిమిడి వచ్చింది. తెలుగుతో పాటు థర్డ్ లాంగ్వేజ్ సంస్కృతం పెట్టింది, మార్కులు బాగా వస్తాయని బడిలో అందరూ అదే చెప్పారు, నేనూ అడ్డు చెప్పలేదు. మార్కులు వచ్చాయి కూడా. డిగ్రీ అయ్యాక ఉద్యోగానికి దరఖాస్తు పెడుతుంటే ఒడియా పాసైన కాగితం అడిగారు. అప్పుడు ఇరవై రెండేళ్ల పిల్ల మళ్లీ ఒడియా వాచకం ముందేసుకుని గుణింతాలు దిద్దుకుంది, ఆ ఏడాది నోటిఫికేషన్ చేజారిపోయింది. సంస్కృతం మంచిదే, కానీ ఇక్కడే బతకాలనుకునే పిల్లకి ఆ గడిలో ఒడియా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఫారం ఇచ్చేముందు హెడ్మాస్టారిని మీరే స్వయంగా కలవండి. బోర్డు జాబితాలో తెలుగు ఉంది, కానీ మీ బడిలో తెలుగు చెప్పే మాస్టారు ఉన్నారా అన్నది వేరే సంగతి. నాకు తెలిసిన ఒక బడిలో తెలుగు మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టు అలాగే ఖాళీగా ఉండిపోయింది, పిల్లలు ఫారంలో తెలుగు రాసి రెండేళ్లూ గైడు చూసుకుని చదువుకున్నారు. మాస్టారు లేకపోతే ట్యూషన్ పెట్టించగలరా, మీ అత్తగారు రోజూ ఓ అరగంట కూర్చోబెట్టగలరా, అది ఇప్పుడే తేల్చుకోండి. పెన్సిల్‌తో నింపిస్తే మాత్రం ఒప్పుకోకండి, ఇంకుతో రాసి జిరాక్స్ తీసి దగ్గర పెట్టుకోండి. తొమ్మిదిలో రిజిస్టర్ అయినదే పది దాకా వెంట వస్తుంది.

ఫొటో చూశాను. అక్షరం గుండ్రంగా, ముచ్చటగా ఉంది. "వెళ్ళాను" అని రాయాల్సినచోట "వెల్లాను" అని నాలుగుసార్లు రాసింది. దాన్ని తిట్టకండి. ఒడియాలోనూ ళ ఉంది కదా, నీళ్లకి "జళ" అని, పండుకి "ఫళ" అని సరిగ్గానే పలుకుతుందీ, రాస్తుందీ. ఆ ళ, మన ళ ఒకటేనని ఒకసారి చెప్పి చూడండి, వారంలో దారిలో పడుతుంది. రెండు భాషలు వచ్చిన పిల్లకి ఉండే లాభం ఇదే.

ప్రశ్న: బరంపురంలో మాట్రిక్ రాశాను. ప్లస్ టూ సైన్స్‌లో చేరతాను. డాక్టరా, ఇంజినీరా అన్నది ఇంకా తేల్చుకోలేదు, ఇంట్లో ఒకటే టెన్షన్. లెక్కలు, బయాలజీ రెండూ తీసుకోవచ్చా? ఎమ్ఐఎల్‌లో (మోడర్న్ ఇండియన్ లాంగ్వేజ్, అంటే భారతీయ భాష పేపర్‌లో) తెలుగు వదిలేసి ఆల్టర్నేటివ్ ఇంగ్లిష్ తీసుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు.
ఒక విద్యార్థి

జవాబు: రెండూ తీసుకోవచ్చు బాబూ. ఇంగ్లిష్, ఎమ్ఐఎల్, ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు లెక్కలు, బయాలజీ రెండూ పెట్టుకుంటే ఇంజినీరింగ్ దారీ, డాక్టరు చదువుకి రాసే నీట్ పరీక్ష దారీ రెండూ తెరిచే ఉంటాయి. భారం ఎక్కువే, కానీ పదహారేళ్లకి తేల్చుకోలేకపోవడం తప్పేమీ కాదు, ఇంట్లోవాళ్లకి ఈ మాట చూపించు. మొదటి ఏడాది సగానికల్లా నీ మనసు ఎటు లాగుతోందో నీకే తెలుస్తుంది.

ఎమ్ఐఎల్ సంగతి. పది దాకా తెలుగు చదివి ఉంటే తెలుగే ఉంచుకో. సైన్స్ పుస్తకాలతో సతమతమయ్యే రెండేళ్లలో, అమ్మతో మాట్లాడే భాషలో ఒక్క సబ్జెక్టయినా ఉంటే ఎంత ఊరటో చదివినవాళ్లని అడుగు. అయితే కాలేజీలో తెలుగు లెక్చరర్ ఉన్నారో లేదో చేరేముందు కనుక్కో. ఒక హెచ్చరిక: నీట్ తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్ర, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు. బరంపురంలో రాసేవాడివి ఇంగ్లిష్‌లోనో ఒడియాలోనో తయారవ్వాలి.

ప్రశ్న: రాయగడలో వ్యాపారం. బాబు ఇప్పుడు ఎనిమిది. పది ఇక్కడ చదివించి, ఇంటర్‌కి విశాఖ పంపితే ఆంధ్రలో ఇంజినీరింగ్ సీటుకి లోకల్ అవుతాడా?
ఒక తండ్రి

జవాబు: అవడు. అక్కడ 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే. లోకల్ అనాలంటే ఇంటర్ పూర్తయ్యే ఏడాదితో కలిపి వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి, అంటే తొమ్మిది నుంచీ. ఇంటర్ రెండేళ్లు సరిపోవు. మిగిలిన 15 శాతానికి ఒక దారి ఉంది: తల్లిగానీ తండ్రిగానీ ఆంధ్రలో మొత్తం మీద పదేళ్లు నివాసం ఉండి ఉంటే పిల్లాడు పోటీ పడొచ్చు. మీరు ఇక్కడికి రాకముందు అటువైపు ఉన్నవాళ్లయితే ఆ పదేళ్లకి రుజువు కాగితాలు ఇప్పటినుంచే పోగుచేయండి, రేషన్ కార్డు, చదువు సర్టిఫికెట్లు, ఏవి దొరికితే అవి.

తొమ్మిదిలోనే పంపడమా అంటే, పద్నాలుగేళ్ల పిల్లాణ్ణి సీటు లెక్కల కోసం హాస్టల్‌కి పంపమని నేను చెప్పలేను. విశాఖలోనో పార్వతీపురంలోనో అమ్మమ్మ ఇల్లో, మేనమామ ఇల్లో ఉంటే అది వేరే మాట. వాడిని కూర్చోబెట్టి అడిగారా? అడిగి, వాడేమన్నాడో మళ్లీ రాయండి.