మొదటి పాట చెరపకు

ఈజిప్టు గాయకుడు అమ్ర్ దియాబ్ నలభై ఏళ్లుగా అరబ్ పాప్ సంగీతంలో ముందు వరుసలో ఎలా ఉన్నారు, ‘హబీబీ’ పాట తప్ప ఆయనవి చెప్పుకోదగ్గవి ఇంకేమైనా ఉన్నాయా అని అడిగారు. ఈ రెండో ప్రశ్న నా మనసుకు గుచ్చుకుంది కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను.

మీరు ‘హబీబీ’ అంటున్న పాట అసలు పేరు ‘నూర్ ఎల్ ఐన్’. అంటే కంటి వెలుగు. మనం పిల్లలను ‘నా కంటి వెలుగు’ అని పిలుచుకుంటామే, సరిగ్గా అదే మాట. 1996లో వచ్చింది. బాణీ కట్టినవారు లిబియాకు చెందిన నాసర్ అల్ మిజ్దావీ, వాద్యాలు కూర్చినవారు హమీద్ అల్ షాయెరీ. ఆ గిటారు, ఆ అకార్డియన్ విని ప్రపంచమంతా చిందులేసింది. కానీ అప్పటికే అమ్ర్ దియాబ్ మొదటి ఆల్బమ్ ‘యా తరీక్’ వచ్చి 13 ఏళ్లు. 1988 నాటి ‘మయ్యాల్’తోనే ఈజిప్టు కుర్రకారు ఆయన్ను తమవాడిని చేసుకున్నారు. 1992లో ‘ఐస్‌క్రీమ్ ఫీ గ్లీమ్’ అనే సినిమాలో కథానాయకుడిగా కూడా చేశారు. ఇంత చేసిన మనిషిని ఒక్క పాటకు కుదించడం అన్యాయం.

ఇక ఆయన ఇన్నేళ్లు ఎలా నిలిచారన్నది. ప్రపంచ సంగీత పురస్కారాలు, గిన్నిస్ రికార్డు, వీడియోలు, కండలు అంటూ చాలామంది చెబుతారు. అవన్నీ నిజమే కానీ కారణం అది కాదు. ఆయన్ను నిలబెట్టింది ఇంటికి దూరంగా బతుకుతున్న మనుషులు. ఈ సంగతి నేను కువైట్‌లో షువైఖ్ పారిశ్రామిక వాడలో, కార్ల ఏసీలు బాగుచేసే ఒక గ్యారేజీలో తెలుసుకున్నాను.

మాది రాజంపేట దగ్గర ఒక పల్లె. 1998లో కువైట్ వెళ్లాను. అప్పటికి నా భార్య ఆరో నెల గర్భవతి. వీసా కోసం ఏజెంటుకు కట్టిన అప్పు తీరేవరకు సెలవు మాట ఎత్తే పరిస్థితి లేదు. ఆ అప్పు గురించి రాస్తే ఈ జవాబంతా అదే అవుతుంది. పని చూపిస్తామని చెప్పి ఊళ్లో తాకట్టు పెట్టించినవారు ఆ తర్వాత ఒక్కసారి కూడా ఎలా ఉన్నావని అడగలేదు. మా వైపు నుంచి వెళ్లిన సగం మందిది ఇదే కథ.

గ్యారేజీలో నాకు పని నేర్పినవాడు ఒక మిస్రీ. ఈజిప్టువారిని అక్కడ మిస్రీలంటారు. చేతిపనిలో ఆరితేరినవాడిని వాళ్లు ‘ఉస్తా’ అని పిలుస్తారు కాబట్టి మేమందరం అతన్ని అలాగే పిలిచేవాళ్లం. అతను నన్ను ‘యా సదీక్’ అనేవాడు. ఓ మిత్రమా అని. అక్కడ మనవాళ్లందరినీ అందరూ అలాగే పిలుస్తారు, చాలాసార్లు పేరు అడిగే ఓపిక లేక. ఉస్తా మాత్రం నా పేరు తెలిసి కూడా ప్రేమతో అలా పిలిచేవాడు. అతనిది పోర్ట్ సయీద్, సూయజ్ కాలువ ముఖద్వారంలో ఉన్న ఊరు. అమ్ర్ దియాబ్ పుట్టింది కూడా అక్కడే, 1961లో. అమ్ర్ దియాబ్‌కు ఆరేళ్ల వయసులో తండ్రి రేడియో కేంద్రానికి తీసుకెళ్తే జాతీయ గీతం ‘బిలాదీ బిలాదీ’ పాడాడని, అది విని గవర్నరు గిటారు బహుమతిగా ఇచ్చారని ఉస్తా కనీసం యాభైసార్లు చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ ఆ గిటారు తన చేతికే ఇచ్చినట్టు కళ్లు మెరిసేవి.

ఉస్తా తండ్రి ఈజిప్టు మహాగాయని ఉమ్మ్ కుల్సూమ్ అభిమాని. ఆవిడ పాట ఒక్కొక్కటి గంటసేపు సాగేది. నెలలో మొదటి గురువారం రాత్రి రేడియోలో ఆవిడ కచేరీ వస్తుంటే ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదట. ఆవిడ 1975లో పోయారు. రెండేళ్లకు అక్కడి మరో పెద్ద గాయకుడు అబ్దుల్ హలీం హాఫిజ్ కూడా పోయారు. ఆ తర్వాత క్యాసెట్ వచ్చింది. ఏ పాట వినాలో రేడియో పెద్దలు నిర్ణయించే కాలం పోయి టాక్సీ డ్రైవర్లు నిర్ణయించే కాలం వచ్చిందని ఉస్తా అనేవాడు. అమ్ర్ దియాబ్ ఆ క్యాసెట్‌తో పెరిగిన గాయకుడు. చిన్న పాట, వీధిలో మాట్లాడుకునే మాట, ఒకటికి రెండుసార్లు వింటే నోటికి వచ్చే పల్లవి. మనసును మసీదులో వినపడే గ్రాంథిక అరబిక్‌లో ‘ఖల్బ్’ అంటారు. మా కువైటీ యజమాని ‘గల్బ్’ అనేవాడు. ఉస్తా నోట్లో అది ‘అల్బ్’. అమ్ర్ దియాబ్ పాటలోనూ ‘అల్బ్’ అనే ఉంటుంది. గ్యారేజీలో చెవిన పడిన అరబిక్ తప్ప ఏమీ రాని నాకు ఆయన పాటలు సగం అర్థమయ్యేవి. వార్తలు ఒక్క ముక్క కూడా అర్థమయ్యేవి కావు.

2000 సంవత్సరం వేసవిలో ‘తమల్లీ మఆక్’ ఆల్బమ్ వచ్చింది. అదే పేరున్న మొదటి పాటకు మాట రాసింది అహ్మద్ అలీ మూసా, బాణీ షరీఫ్ తాగ్, వాద్యాల కూర్పు తారిక్ మద్కూర్. ఈ పేర్లు కావాలనే రాస్తున్నాను. ఇప్పుడు ఫోనులో పాట పెడితే గాయకుడి బొమ్మే తప్ప రాసినవాడి పేరు వెతికితే గాని కనిపించదు. మన తెలుగు పాటలకూ అదే గతి. క్యాసెట్ లోపలి కాగితం మీద అక్షరాలు ఎంత చిన్నవైనా పేర్లు ఉండేవి.

‘తమల్లీ మఆక్’ అంటే ‘ఎప్పుడూ నీతోనే’ అని. దూరంగా ఉన్నా నీతోనే ఉన్నాను అనే మనిషి పాడుకునే పాట. ఆ వేసవిలో గ్యారేజీకి వచ్చిన ప్రతి రెండో కారులో అదే మోగేది. బానెట్ ఎత్తి గ్యాస్ నింపుతుంటే లోపల నుంచి ఆ గిటారు వినపడేది. బయట ఎండ యాభై డిగ్రీలకు దగ్గరగా ఉండేది. ఒక రోజు ఉస్తా స్పానరు పక్కన పెట్టి, పాట అయ్యేదాకా ఆ కారు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. అతను భార్యను చూసి మూడేళ్లయింది.

ఆ రోజుల్లో మేము ఇంటికి ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపేవాళ్లం. ఫోను మాట్లాడాలంటే నిమిషాల లెక్క, ఆ లెక్క చూసుకుంటూ ఏమీ మాట్లాడలేం. పైగా మా అమ్మకు చదువు రాదు. క్యాసెట్‌లో తీరిగ్గా మాట్లాడి, సెలవుకు వెళ్తున్న ఊరివాడి చేతిలో పెడితే, ఇంటిల్లిపాదీ కూర్చుని వినేవారు. ఆ సెప్టెంబరులో మా పక్క పల్లె అతను బయలుదేరుతున్నాడని రాత్రి తొమ్మిదింటికి తెలిసింది. తెల్లవారితే ప్రయాణం. నా దగ్గర ఖాళీ క్యాసెట్ లేదు, దుకాణాలు మూసేశారు.

ఉస్తా తన ‘తమల్లీ మఆక్’ క్యాసెట్ తీసి నా చేతిలో పెట్టాడు. “దీని మీద మాట్లాడు. మొదటి పాట మాత్రం చెరపకు” అన్నాడు.

కంపెనీ పాటల క్యాసెట్ల మీద రికార్డు కాకుండా పై అంచున చిన్న గుంటలు ఉంటాయి. ఉస్తా సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం ఉండ చుట్టి గుంటలో కుక్కి, పైన ప్లాస్టిక్ టేపు అంటించాడు. మా గదిలో ఎనిమిది మంది, ఎప్పుడూ ఏదో ఒక గోల. అందుకని బాగుచేయడానికి వచ్చిన ఒక పాత కాప్రిస్ కారులో టూ-ఇన్-వన్ (రేడియో, టేపు రికార్డరు కలిసి ఉన్న పెట్టె) పట్టుకుని కూర్చున్నాను. బయటి చప్పుడు రాకుండా అద్దాలన్నీ ఎత్తేశాను. కారు ఏసీ ఎలాగూ పనిచేయదు. మొదటి పాట మొత్తం విన్నాను. చివరి గిటారు పలచబడుతుండగా ఎర్ర మీట, ప్లే మీట రెండూ కలిపి నొక్కాను. టక్ మని గట్టిగా చప్పుడు అయింది. “అమ్మా, నేను బాగున్నాను” అని మొదలుపెట్టాను. చెమట చుక్కలు టేపు మీద పడకుండా మోచేత్తో తుడుచుకుంటూ ఇరవై నిమిషాలు మాట్లాడాను. అప్పు ఎంత తీరిందో చెప్పాను. ఇంకా చూడని నా బిడ్డను పేరు పెట్టి పిలిచాను.

ఊళ్లో ఏం జరిగిందో తర్వాత నా భార్య చెప్పింది. పక్కింటి టేపు రికార్డరు తెచ్చి, ఎనిమిది మంది చుట్టూ కూర్చుని క్యాసెట్ పెడితే అరబిక్ పాట మొదలైంది. మా అమ్మకు గుండె జారిపోయింది. “ఇది నా కొడుకుది కాదు, ఎవరిదో మారిపోయింది, తిరిగి ఇచ్చేసి రండి” అని ఏడుపు మొదలుపెట్టిందట. పాట నాలుగు నిమిషాలు దాటి సాగుతుంది. ఆపబోతుంటే నా భార్య “ఉండండి అత్తయ్యా, ఆయన ఊరికే పంపరు” అని చేయి అడ్డుపెట్టింది. ఆ తర్వాత టక్. ఆ తర్వాత నేను.

నా కూతురికి అప్పుడు రెండేళ్లు నిండబోతున్నాయి. ఆ పాట వస్తే దాని వెనకాలే నాన్న వస్తాడని పిల్లకు అర్థమైపోయింది. ‘తమల్లీ’ అన్న మాట దానికి ‘తమలపాకు’లా వినపడింది. ‘తమలపాకు పాట పెట్టమ్మా’ అని రోజూ గొడవ చేసేదట. 2002లో మొదటిసారి సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు నా దగ్గరకు రాలేదు. “నాన్న ఏడమ్మా” అని మా అమ్మ అడిగితే తిన్నగా వెళ్లి టేపు రికార్డరు మీద చెయ్యి పెట్టింది.

మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే. అమ్ర్ దియాబ్ గొంతు గొప్పదే కానీ అంతకన్నా గొప్ప గొంతులు అరబ్ దేశాల్లో ఉన్నాయి. కొన్నేళ్లకోసారి తన చుట్టూ ఉన్న సంగీతకారులను మార్చి, కొత్త చప్పుడు తెచ్చుకోవడం ఆయనకు తెలుసు. 1999 నాటి ‘అమరైన్’లో అల్జీరియా గాయకుడు ఖాలిద్‌తో, గ్రీకు గాయని ఆంజెలా దిమిత్రియూతో కలిసి పాడారు. చప్పుడు ఎంత మారినా చెప్పే మాట మాత్రం మార్చలేదు. దూరం, ఎదురుచూపు, నిద్ర పట్టని రాత్రి. గల్ఫ్‌లో ఉన్న లక్షల మంది మిస్రీలకు, సిరియావారికి, మనవాళ్లకు కావలసిన మాటలు అవే. వాళ్లు సూట్‌కేసుల్లో పెట్టుకుని ఆ పాటలను ఊళ్లకు మోశారు. దీనికి రుజువు చూపమంటే నా దగ్గర లెక్కలు లేవు, షువైఖ్‌లో నేను బానెట్ ఎత్తిన కార్లు ఉన్నాయి.

2004లో హిందీ చిత్రం ‘మర్డర్’లో ‘కహో నా కహో’ అని ఇదే బాణీ వచ్చింది. అరబిక్ పంక్తులు కూడా అందులో ఉన్నాయి. మా ఊరి కుర్రవాళ్లు అది విని “అన్నా, హిందీ పాటను అరబ్బులు కాపీ కొట్టారు” అని నాతో వాదించారు. నాలుగేళ్ల ముందే మా ఇంట్లో ఆ పాట మోగిందని సాక్షిగా మా అమ్మను నిలబెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు మన సినిమా పాటల్లో కూడా ఒంటె బొమ్మ, ఇసుక, మధ్యలో నాలుగుసార్లు ‘హబీబీ’ పెట్టి అరబిక్ పాట అంటున్నారు. మా జిల్లా నుంచి, కోనసీమ నుంచి, కరీంనగర్ నుంచి ఇంతమంది వెళ్లి ఇన్నేళ్లు అక్కడ బతికారు. ఆ భాషలో మనకు మిగిలింది ఒక్క మాటేనా?

ఆయనలో తప్పులు లేవని నేను అనను. 2011లో కైరోలోని తహ్రీర్ చౌక్‌లో ప్రభుత్వానికి ఎదురుగా జనం నిలబడి ఉన్న రోజుల్లో దేశం విడిచి వెళ్లారని ఈజిప్టులో చాలామంది మండిపడ్డారు. 2024లో ఒక పెళ్లిలో సెల్ఫీ కోసం దగ్గరకు వచ్చిన యువకుడిని చెంపదెబ్బ కొట్టారు. ఆ వీడియో చూసి రెండు రోజులు మనసు బాగాలేదు. ఆ కుర్రవాడి లాంటివాళ్లే కదా ఆయన క్యాసెట్లు కొన్నది. అయినా పాట మీద కోపం రాలేదు. ఆ పాటలో మా ఇల్లు ఉంది.

ఆ క్యాసెట్ బాగా అరిగిపోయింది. నాలుగేళ్ల కింద మా అమ్మ పోయాక, అందులో నేను అమ్మతో మాట్లాడిన మాటలు పాడవకూడదని పట్టణంలో ఒక దుకాణానికి తీసుకెళ్లి కంప్యూటర్‌లోకి ఎక్కించమన్నాను. కుర్రవాడు శ్రద్ధగానే చేశాడు. గరగర తీసేశాడు, నా గొంతు కడిగినట్టు వినపడుతోంది. మొదట్లో ఉన్న అరబిక్ పాట పొరపాటున వచ్చిందనుకుని కోసేశాడు. తిరిగి చేయమని వెళ్తే, క్యాసెట్ మిషన్‌లో చిక్కుకుని తెగిందని టేపు ముక్కలు కవరులో పెట్టి ఇచ్చాడు.

నా కూతురు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. ఇంటర్నెట్‌లోంచి పాట దించి నా మాటల ముందు అతికించి పంపింది. పాట చాలా శుభ్రంగా ఉంది. వినగానే ఇద్దరం ఒకేసారి ఫోను చేసుకున్నాం. పాట అయిపోతుంది, నేను మొదలవుతాను, మధ్యలో ఆ టక్ మాత్రం లేదు. పాత టూ-ఇన్-వన్ ఎవరి దగ్గరైనా దొరుకుతుందేమో అని ఇప్పటికీ వెతుకుతున్నాను.