అంటార్కిటికాలో ఉన్న మావారికి ఈ సంగతి చెప్పాలా, దాచాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక గ్రామం. మావారు వాతావరణ పరిశీలన పని మీద అంటార్కిటికాలోని మైత్రి కేంద్రానికి నవంబరులో వెళ్లారు. గత నెల మామయ్యగారికి పక్షవాతం వచ్చింది. కాకినాడలో చూపించాం. మాట బాగానే ఉంది, కర్ర పట్టుకుని అరుగు దాకా నడుస్తున్నారు. అబ్బాయికి చెప్పొద్దని అత్తయ్య నా చేత ఒట్టు వేయించుకున్నారు. రెండు నెలలుగా మావారు ఫోన్లో ఊ, ఆ తప్ప మాట్లాడరు. చెప్పిందే మళ్లీ అడుగుతారు. మా మీద ప్రేమ పోయిందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ప్రేమ సంగతి. మైత్రిలో మే చివర నుంచి దాదాపు రెండు నెలలు సూర్యుడు ఉదయించడు. ఆ చీకట్లోనూ వాతావరణ లెక్కలు రోజూ తీయాల్సిందే. శీతాకాలమంతా పాతిక మందికి అటూ ఇటూగా అవే ముఖాలు. అలాంటి చోట నిద్ర చెదరడం, చిరాకు, మతిమరుపు, మాట మధ్యలో ఎటో చూస్తూ ఉండిపోవడం ధ్రువ కేంద్రాల వైద్యులకు బాగా తెలిసిన లక్షణాలు. చెప్పిందే మళ్లీ అడుగుతున్నారని మీరు రాయగానే నాకు తట్టింది ఇదే. వెలుగు తిరిగొచ్చినా ఒక్క రోజులో తేరుకోరు. కేంద్రంలో డాక్టరు ఉంటారు, నిద్ర గురించి ఆయనతో మాట్లాడమని మీవారికి చెప్పండి.

ఇక ఒట్టు. రాలేనివాడికి చెప్పి ఏం లాభమన్నది అత్తయ్య బాధ. ఆవిడ అన్నట్టు ఇప్పుడు రావడం దాదాపు కుదరని పనే. అక్కడికి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుంచి విమానాలు మళ్లీ నవంబరు ప్రాంతంలోనే. అయినా ఆవిడతో నేను ఏకీభవించను. మీ గొంతులో తేడా ఆయనకు వినబడుతూనే ఉంటుంది. కారణం తెలియకపోతే ఉన్నదాని కంటే పెద్దదే ఊహించుకుంటారు. ఇంటికొచ్చాక తెలిస్తే, ఆ తర్వాత మీరు "అందరం బాగున్నాం" అన్నా నమ్మలేరు.

ఇంత చర్చలో మామయ్యగారిని ఎవరైనా అడిగారా? జబ్బు ఆయనది, కొడుకూ ఆయన కొడుకే. మాట బాగానే ఉంది కాబట్టి, అత్తయ్యను ఒప్పించి, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టించి, ఆయన చేతే మాట్లాడించండి. మీవారు డ్యూటీలో లేని వేళ, పక్కన తోటివాళ్లు ఉండే వేళ చూసుకోండి. ముందు మీరు, "మామయ్యగారికి పోయిన నెల పక్షవాతం వచ్చింది, కాకినాడలో చూపించాం, ఇప్పుడు నడుస్తున్నారు, ఇదిగో మాట్లాడండి" అని చెప్పి ఫోన్ ఆయన చేతికివ్వండి. తండ్రి గొంతు విన్నాక కొడుక్కి కలిగే ధైర్యం మనం ఎంత చెప్పినా రాదు. మీవారు కోప్పడితే పడనివ్వండి, నెల రోజులు దాచారు మరి. తర్వాత ఆదివారం ఆదివారం తండ్రితో మాట్లాడే పని ఆయనకు అప్పగించండి. కొబ్బరి దింపు ఎప్పుడు చేయించాలో కూడా వాళ్లిద్దరే తేల్చుకుంటారు.

మీ సంగతి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. రోగి, పిల్లలు, వరద రోజులు, అన్నీ మీ నెత్తినే ఉన్నాయి. రాత్రి కాపలాకు వారంలో రెండు రోజులైనా ఆడపడుచునో, మరిదినో రమ్మని అడగండి, మొహమాటపడొద్దు. నిద్ర ఇలాగే పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 టెలీ మానస్‌కి ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మీది లంక కాబట్టి ఏటికి నీళ్లు పెరగకముందే మామయ్యగారి మందులు నెలకు సరిపడా తెచ్చి పెట్టుకోండి.