పున్నమి నాడు ఏట్లోకి దిగేముందు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు కొత్త కెమెరా కొన్నావట, కార్తీక పౌర్ణమికి హైదరాబాద్ నుంచి వచ్చి ఏటి మీద చంద్రోదయం ఫొటోలు తీస్తావట. వినగానే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నలభై ఏళ్ళు స్టూడియో నడిపాను, మన ఇంట్లో ఇంకొకరెవరూ కెమెరా ముట్టుకోలేదే అని ఎప్పుడూ ఒక వెలితి ఉండేది. ఇంతలో మీ అమ్మ ఇంకో మాట అంది, "అంతర్వేది దగ్గర ఏట్లో ఇసుక తిప్పల మీదకి వెళ్తుందట బావగారూ, ఒక్కతే" అని. నా గుండె జారిపోయింది. రాత్రి నిద్ర పట్టలేదు, తెల్లారగానే కూర్చుని రాస్తున్నాను. ఇంత పొడుగుంటే ఫోన్లో సగం చదివి వదిలేస్తావు, నాకు తెలుసు. ఇది మాత్రం చివరిదాకా చదువు తల్లీ.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ట్రైపాడ్ తప్పనిసరి. బ్యాటరీ ఇంకోటి ఉంచుకో. బటన్ చేత్తో నొక్కకు, రెండు సెకన్ల టైమర్ పెట్టు. ఫోకస్ ఆటోకి వదలకుండా చంద్రుడి అంచు మీద పెట్టి అక్కడే ఆపెయ్. కార్తీకంలో పొద్దు గూకగానే మంచు దిగుతుంది, లెన్సు మీద చెమ్మ పడుతుంది, మెత్తని పాత పంచె ముక్క జేబులో ఉంచుకో. ఏరు దాటించే పంటు మీద నుంచి తీద్దామనుకోకు, ఇంజను అదురుకి ఒక్కటీ నిలవదు. ఏటి ఒడ్డు బురదలో ట్రైపాడ్ కాళ్ళు నువ్వు చూస్తుండగానే దిగబడతాయి, ఒక్కో కాలి కింద ఒక్కో కొబ్బరి డొక్క పెట్టుకో. మన ఊళ్ళో వాటికేం కొదవ లేదు.

ఇప్పుడు చంద్రుడి సంగతి. అందరూ చీకట్లో వెలిగే దీపం అనుకుని షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచుతారు, ఫొటోలో తెల్లటి చిల్లు పడుతుంది. చంద్రుడి మీద ఉన్నది ఎండే బుజ్జీ, మన పెరట్లో మిట్టమధ్యాహ్నం పడే ఎండే. పైకొచ్చిన నిండు చంద్రుడికి ఎపర్చర్ 11, ఐఎస్ఓ 100, షట్టర్ సెకనులో వందో వంతు చాలు. చెట్ల మీదుగా అప్పుడే లేస్తున్నప్పుడు మాత్రం మసక వల్ల వెలుగు బాగా తగ్గుతుంది, ఒకటి రెండు స్టాపులు, అంటే వెలుగు రెండు నుంచి నాలుగు రెట్లు, పెంచుకో. అసలు చిక్కేమిటంటే, చంద్రుడికి సరిపెడితే ఏరు నల్లబడుతుంది, ఏటికి సరిపెడితే చంద్రుడు చెడిపోతాడు. రెండూ ఒక్క ఫొటోలో ఒదిగేది పొద్దు గూకిన తర్వాత ఓ పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. నవంబరులో మనకి అయిదున్నర ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది, నాలుగున్నరకల్లా సర్దుకుని కూర్చోవాలి. రెండు ఫొటోలు వేరువేరుగా తీసి కంప్యూటర్లో అతికించేవాళ్ళున్నారు, నాకు అది నచ్చదు, నీ ఇష్టం.

అందుకే చెబుతున్నాను, పౌర్ణమి ఒక్కరోజుకే రాకు, చతుర్దశి నాటికే రా. చంద్రుడు రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా లేస్తాడు కదా, ముందు రోజు పొద్దుండగానే వచ్చేస్తాడు. ఏటి మీద వెలుగు బాగా ఉంటుంది, చూడ్డానికి నిండుగానే ఉంటాడు. నా మంచి ఫొటోల్లో చాలామటుకు చతుర్దశి నాటివే. ఇంకోటి, కార్తీకంలో చంద్రుడు సరిగ్గా తూర్పున లేవడు. ఆ పున్నమికి కృత్తికల దగ్గర ఉంటాడు కాబట్టే ఆ నెలకి కార్తీకమని పేరు, అందుకే ఈశాన్యం వైపు బాగా జరిగి లేస్తాడు. జ్యేష్ఠంలో అయితే ఆగ్నేయం వైపు. ముందు రోజు చూసుకోకుండా ఏ కొబ్బరి చెట్టుకో గురిపెట్టి కూర్చుంటే ఆ చెట్టే మిగులుతుంది.

చంద్రుడు కంటికి పళ్ళెమంత కనపడతాడు, ఫొటోలో చుక్కంత వస్తాడు. లెన్సు ఎన్ని మిల్లీమీటర్లో దాన్ని 110తో భాగిస్తే ఫిల్ము మీద, ఇప్పుడైతే సెన్సర్ మీద, చంద్రుడి వెడల్పు వస్తుంది. నా పాత 135 లెన్సుకి ఆవగింజంత. కాబట్టి పెద్ద లెన్సు కావాలి, ముందున్న చెట్లు దూరంగా ఉండాలి. చెట్లు దూరమైన కొద్దీ చిన్నవవుతాయి, చంద్రుడు మాత్రం అంతే ఉంటాడు. మన ఏరు, ఈ వశిష్ఠ గోదావరి పాయ, వెడల్పు నీకు అక్కడే కలిసొస్తుంది. నరసాపురం ఒడ్డున నిలబడు చాలు, అవతల సఖినేటిపల్లి కొబ్బరి తోటల మీంచి వస్తాడు. పెద్ద లెన్సుతో షట్టర్ సెకను దాటనివ్వకు, రెండు నిమిషాల్లో తన వెడల్పంత జరిగిపోతాడు, అంచులు చెదురుతాయి.

చూశావా, వీటిలో దేనికీ ఇసుక తిప్ప ఎక్కాల్సిన పని లేదు.

స్టూడియోలో కౌంటర్ వెనక గోడ మీద నలుపు తెలుపు ఫొటో ఒకటి ఉండేది, గుర్తుందా? ఏరు, అవతల సన్నగా చెట్ల వరస, దాని మీద చంద్రుడు, నీళ్ళలో పొడుగ్గా వెలుగు జాడ. కింద కుడివైపు మూల నల్లగా ఒక ముద్ద. ఆరో తరగతిలో ఉన్నప్పుడు నువ్వు స్టూలెక్కి ఆ ముద్ద మీద వేలు పెట్టి "ఇది చెట్టు మోడా పెదనాన్నా?" అని అడిగావు. అవునన్నాను. అబద్ధం చెప్పాను బుజ్జీ. అది మీ నాన్న.

1984 మాఘ పౌర్ణమి. అంతర్వేదిలో తీర్థం, మీ నాయనమ్మ చక్రస్నానానికి అటు వెళ్ళింది. నేను ఇటు ఒడ్డున, బియ్యపుతిప్ప వైపు, మీ నాన్నని వెంటబెట్టుకుని వెళ్ళాను. వాడికి పదకొండేళ్ళు, ఈత రాదు. నాలుగింటికి చూస్తే ఏట్లో ఇసుక తిప్ప తెల్లగా, పొడిగా, ఎవరో ఊడ్చి పెట్టిన వాకిలిలా ఉంది. ఒడ్డుకీ తిప్పకీ మధ్య చిన్న పాయ, నా మోకాళ్ళ దాకా నీళ్ళు. దాటేశాం. వాడు ఫిల్ములున్న రెక్సిన్ సంచీ మోశాడు. "ఏమైనా సరే అది తడవకూడదు" అని చెప్పాను. ఫిల్ము ఖరీదు, డబ్బు లేని రోజులు.

చంద్రుడు వచ్చాడు. ఎర్రగా, కొంచెం అణిగినట్టు. మీ నాన్న నాకు పది పన్నెండు గజాల ముందు, నీళ్ళ అంచున ఎండ్రకాయల బొరియలు చూస్తూ తిరుగుతున్నాడు. వాడి కాళ్ళకి నీళ్ళు కదిలి వెలుగు జాడ ముక్కలైపోతోందని కసిరాను. "కదలకురా, ఎక్కడున్నవాడివి అక్కడే నిలబడు!" నిలబడ్డాడు. కాసేపటికి "అన్నయ్యా, నీళ్ళొస్తున్నాయి" అన్నాడు. "ఉండరా, ఒక్కటి" అన్నాను. మళ్ళీ అన్నాడు, మళ్ళీ అదే చెప్పాను. కన్ను కెమెరాకి ఆనించి ఉంది, అందులో నుంచి చూస్తే నీళ్ళెప్పుడూ అందంగానే ఉంటాయి. మూడోసారి వాడి గొంతు మారింది. తలెత్తాను. నడుం దాకా నీళ్ళలో, సంచీ నెత్తిన పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని, కదలకుండా నిలబడి ఉన్నాడు. నేను కదలొద్దన్నానని.

వెనక్కి తిరిగితే తిప్ప లేదు. మంచం పట్టేంత ఇసుక మిగిలింది. మేము దాటి వచ్చిన పాయ మీద గుర్రపుడెక్క గుత్తులు సముద్రం వైపు నుంచి నరసాపురం వైపుకి, ఎదురు, వేగంగా కొట్టుకుపోతున్నాయి. ఏరు వెనక్కి నడుస్తోందని అప్పుడు అర్థమైంది. వాణ్ణి భుజం మీదకి ఎత్తుకుని పాయలో దిగితే నాలుగడుగులకి ఛాతీ దాటింది, కాలు నిలవలేదు, తిరిగొచ్చేశాను. ఇద్దరం అరిచాం. వలలు వేసుకుంటున్న ఒకాయన నావ తిప్పుకుని వచ్చాడు. ఆయన వచ్చేసరికి ఇసుక లేదు. నావలోకి లాగి, వాడికి తన తలగుడ్డ కప్పి, నాకేసి చూసి "పున్నమి నాడు పోటు చూసుకోకుండా పిల్లాణ్ణి దింపుతావా ఏట్లోకి?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. మీ నాన్న పళ్ళు కొట్టుకుంటూ "సంచీ తడవలేదన్నయ్యా" అన్నాడు.

ఆ రాత్రి బాత్‌రూమ్‌లో ఫిల్ము కడిగాను. ఒక సెకను తెరిచిన ఫ్రేములో నీళ్ళన్నీ పొగలా చెదిరాయి, వాడి ఆకారం మాత్రం చెక్కు చెదరలేదు. అంత కదలకుండా నిలబడ్డాడు. ఆ తర్వాత వాడు నాతో ఫొటోలకి ఎప్పుడూ రాలేదు, నేనూ రమ్మనలేదు.

ఇందులో వింత ఏమీ లేదు తల్లీ, అందుకే భయం. పున్నమికీ అమావాస్యకీ సూర్యచంద్రుల లాగుడు కలుస్తుంది. పోటు పెద్దదొస్తుంది, పాటు కూడా అంతే లోతుకి తీస్తుంది. ఆ పాటు వల్లే మామూలు రోజుల్లో కనపడని తిప్పలు కూడా బయటపడి రమ్మన్నట్టు ఉంటాయి. నువ్వు ఏ చంద్రుడి కోసం వస్తున్నావో ఆ నీళ్ళని తెచ్చేదీ అతనే. తిప్పలు ఏడాదికో చోట పడతాయి, గూగుల్ మ్యాప్‌లో చూసినవి ఇప్పుడు అక్కడ ఉండకపోవచ్చు. వద్దంటే వద్దు, ఇందులో బేరం లేదు. ఏరు సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర కూడా పగలు చూసుకో, చీకటి పడేవేళకి అక్కడ ఉండకు.

నరసాపురం కాకపోతే ముక్తేశ్వరం రేవు ఉంది, గౌతమి పాయ మీద, అవతల కోటిపల్లి దీపాలు. లేదా కొవ్వూరు గోష్పాద క్షేత్రం, అక్కణ్ణించి రాజమండ్రి వైపు చంద్రోదయం, వంతెనలు కూడా వస్తాయి. పౌర్ణమి సాయంత్రం రేవుల్లో అరటి దొప్పల్లో దీపాలు వదిలే ఆడవాళ్ళు కిటకిటలాడతారు, వాళ్ళ దారికి అడ్డంగా ట్రైపాడ్ పెట్టకు, మెట్లకి ఓ పక్కగా ఉండు. ఆ దీపాలు కూడా తియ్యి, చంద్రుడొక్కడి మీదే ఉండిపోకు.

ఎక్కడున్నా సరే ఒక పని చెయ్యి. ఆ నావ ఆయన చెప్పిందే. వెళ్ళగానే నీళ్ళ అంచున ఒక పుల్ల గుచ్చు. ప్రతి రెండు ఫొటోలకీ తలెత్తి పుల్లకేసి చూడు. పుల్ల మొదలు నీళ్ళలోకి వెళ్ళిందా, సామాను సర్దెయ్, చంద్రుడు ఎంత బాగున్నా సరే. పక్కన ఇంకో మనిషి ఉండాలి, కెమెరాకేసి కాకుండా నీళ్ళకేసి చూసే మనిషి.

కసిరానని అనుకోకు. చతుర్దశి నాడు మధ్యాహ్నం నేను నరసాపురంలో వలంధర రేవు దగ్గరికి వచ్చేస్తాను, కొబ్బరి డొక్కలు నేనే తెస్తాను. మీ నాన్నకి నిన్ననే ఫోన్ చేశాను, తనూ వస్తానన్నాడు. సంచీ మాత్రం నువ్వే మొయ్యి.

మీ పెదనాన్న