కీర్తనలో మన వంతు చివర వస్తుంది

చెల్లెమ్మా,

ప్రభువు పేరట వందనాలు. కోత పండుగ సంచిక కోసం నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. సృష్టి అంతా దేవుణ్ణి స్తుతిస్తోందని నాలుగు చోట్ల అన్నావు. నేనూ మనసారా నమ్మే మాటే అది. కానీ వ్యాసమంతా వెతికినా ఒక్క చెట్టుకీ పేరు లేదు. పచ్చని చెట్లు, రంగురంగుల పూలు, పక్షుల కిలకిలలు అని రాస్తే ఏ క్యాలెండరు బొమ్మ కిందైనా పెట్టుకోవచ్చు.

బైబిల్లో 104వ కీర్తన నెమ్మదిగా చదువు. అడవి గాడిదలు దప్పిక తీర్చుకునే ఊటలు, కొంగలు కాపురముండే చెట్లు, కొండమేకలు తిరిగే ఎత్తులు అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. రాత్రంతా వేటకు గర్జించిన సింహం పిల్లలు పొద్దు పొడవగానే గుహలకు మళ్లుతాయి, అదే వేళకు మనిషి పనికి బయల్దేరతాడు. ఒకే నేలను వంతులవారీగా వాడుకుంటున్నట్టుంటుంది. ఆ కవి కళ్లారా చూసి రాశాడు.

148వ కీర్తనలో నన్ను ప్రతిసారీ ఆపేది దాని వరుస. దూతలు, సూర్యచంద్రులు, నక్షత్రాలు, సముద్రపు మకరాలు, వడగండ్లు, పర్వతాలు, పండ్ల చెట్లు, దేవదారులు, పశువులు, నేలమీద పాకే పురుగులు, పక్షులు... ఇవన్నీ అయ్యాకే రాజులు, యౌవనులు, కన్యలు, ముసలివాళ్లు, పిల్లలు. మనం చేరేసరికే పాట సాగుతోంది. నీ వ్యాసంలో మాత్రం మనిషే ముందు నిలబడి అందరిచేతా పాడిస్తున్నాడు.

ఇంకొకటి. నీ మల్లెమొగ్గ చేత 'హల్లెలూయ' అనిపించావు. ఆకాశాలు దేవుని మహిమను వివరిస్తున్నాయని చెప్పిన 19వ కీర్తనే, వాటికి మాటలు లేవనీ చెబుతుంది. మల్లె మల్లెగా పూయడమే దాని స్తుతి. దాని నోట మన మాట పెట్టకు.

ఇలా రాస్తే ప్రకృతిని పూజిస్తున్నామంటారేమోనని భయపడుతున్నావు. భయం వద్దు. ఆదికాండం మొదటి అధ్యాయంలో సూర్యచంద్రులకు పేర్లు కూడా లేవు. పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి అంతే. చుట్టుపక్కల జనాలు వాటికి మొక్కుతున్న రోజులవి. కీర్తన వాటిని పూజించమనదు, మనతోపాటు పూజకు రమ్మంటుంది.

ఇప్పుడు నాకు బాధ కలిగించిన చోటుకి వస్తాను. నీ వ్యాసంలో వీచేవన్నీ పిల్లగాలులే. అదే 148వ కీర్తన దేవుని మాట నెరవేర్చే తుపానును కూడా స్తుతికి పిలుస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన వేలమందిని తీసుకుపోయింది. తన వాళ్లను అందులో పోగొట్టుకున్న తల్లి నీ వ్యాసం చదివితే ఏమనుకుంటుంది? నేనూ చాలా ఏళ్లు ఆ వచనాన్ని దాటవేసే రాశాను. తప్పు చేశాను. బైబిల్లో రోమా సంఘానికి రాసిన ఉత్తరం ఎనిమిదో అధ్యాయంలో అపొస్తలుడు పౌలు, సృష్టి యావత్తు ఏకగ్రీవంగా మూలుగుతూ ప్రసవవేదన పడుతోందన్నాడు. ఆ మూలుగు కూడా ఆరాధనలోదే అని నా నమ్మకం. తుపానును ఎలా స్తుతిలో కలపాలో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. అయినా ఆ వచనాన్ని వదిలేసి రాయలేను.

ఇటలీ సన్యాసి అస్సీసీ ఫ్రాన్సిస్ సూర్యుణ్ణి అన్న అనీ, చంద్రుణ్ణి అక్క అనీ పిలుస్తూ పాట కట్టింది 1225 ప్రాంతంలో. అప్పటికి ఆయన కళ్లు దాదాపు పోయాయి, వెలుగు సోకితే ఓర్చుకోలేని నొప్పి. ఆ బాధలోనే సూర్యుణ్ణి బట్టి దేవునికి స్తుతి చెప్పాడు. మరుసటి ఏడు చావు దగ్గరపడినప్పుడు మరణాన్నీ అక్కా అని అందులో చేర్చాడు. పైగా గుడిలో వాడే లాటిను వదిలి, తన ఊరివాళ్లు మాట్లాడుకునే భాషలో పాడాడు. నువ్వు మాత్రం 'సృష్టికర్త యొక్క మహిమాతిశయము' అని మొదలుపెట్టావు. మీ అమ్మతో మాట్లాడే తెలుగులో రాయమ్మా.

కోత పండుగనాడు మీ గుడిలో బలిపీఠం ముందు ఏమేం పెట్టారు? గుమ్మడికాయలా, వరికంకులా? కాళ్లు కట్టిన కోడిపుంజు ప్రసంగం మధ్యలో కూసిందా? ఆరాధన అయ్యాక వేలంలో దాన్ని ఎవరు పాడుకున్నారు? అక్కణ్ణుంచి మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. మీ పెరట్లో చెట్టుందన్నావు, ఏ చెట్టో చెప్పలేదు. దాని మీద తెల్లవారుజామున ముందుగా కూసే పిట్ట ఏదో చూసి, అది కూడా రాయి.

మీ అన్నయ్య